మా ఇల్లూ మునిగింది, క్లయింట్ ఇల్లూ మునిగింది. కుర్చీలో మాత్రం నేనే కూర్చోవాలి

గట్టుమీదపిచ్చుక | 9 నవంబర్ 2024, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. విజయవాడలో కౌన్సెలర్‌ని. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక అద్దె గదిలో ప్రాక్టీసు, వారానికి రెండు రోజులు ఒక కాలేజీలో. ఇల్లు మాత్రం సింగ్‌నగర్‌లో, గ్రౌండ్ ఫ్లోరు. ఆ మాట చెప్తే మిగతాది మీకు అర్థమైపోయి ఉంటుంది.

సెప్టెంబర్ 1 ఆదివారం పొద్దున బుడమేరు మా వీధిలోకి వచ్చేసింది. అత్తగారిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మా ఆయనా నేనూ చెరో పక్కా పట్టుకుని డాబా మీదికి ఎక్కించాం. పైవాటావాళ్లు ఉన్న బియ్యంతోనే మాకూ వండి పెట్టారు. వినాయక చవితి కూడా డాబా మీదే. నీళ్లు తీశాక ఫైరింజన్ వచ్చి ఇల్లు కడిగి వెళ్లింది. బురద పోయింది, వాసన పోలేదు.

20వ తేదీ నుంచి మళ్లీ సెషన్లు మొదలుపెట్టాను. వచ్చేవాళ్లలో సగానికి సగం వరద మనుషులే. ఒకావిడ (వివరాలు మార్చాను) బీరువా కింద అరలో పెళ్లినాటి పట్టుచీరలు పెట్టుకుందట. తీసి చూస్తే మడత మడతకీ బురద, విప్పబోతే పేలికలై చేతికొచ్చాయని చెప్తోంది. ఆ మాట మధ్యలో నేను అడిగిన ప్రశ్న ఏమిటో తెలుసా? "మీకు ఎన్నో మెట్టు దాకా వచ్చాయండీ నీళ్లు?"

"ఐదో మెట్టు" అంది. మాకు ఏడు. లోపల "ఓస్, ఐదేనా" అనుకున్నాను. ఆవిడ కళ్లు తుడుచుకుంటుంటే నేను మెట్లు లెక్కపెడుతున్నాను.

ఇంకొకాయన పై అంతస్తులో ఉంటాడు. ప్రభుత్వం వరద సాయంగా కింద వాళ్లకి 25 వేలు ఇచ్చి మాకు 10 వేలే ఇచ్చిందని గంటంతా అదే బాధ. నాకు ఒళ్లు మండిపోయింది. మొహం మాత్రం నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు మొహంతోనే ఇంటికొచ్చి మా పాప మీద అరిచాను.

ఇప్పుడు ఎవరైనా "రాలేనండీ" అని మెసేజ్ పెడితే పండగలా ఉంటోంది. మొన్న గురువారం ఒకబ్బాయిని "మీ అక్క ఎలా ఉంది?" అని అడిగాను. వాడికి అక్కే లేదు. రాత్రిళ్లు కుళాయి చుక్క పడ్డా లేచి కూర్చుంటున్నాను.

సెల్ఫ్ కేర్ అని వెతికితే కొవ్వొత్తులూ, స్నానాల తొట్టీ చూపిస్తోంది. నాకు నీళ్లంటేనే పడట్లేదు మహాప్రభో, తొట్టెందుకు?

నా ప్రశ్నలు రెండు. కొన్నాళ్లు ఆపేయాలా (ఆపితే గది అద్దె ఎవరు కడతారు)? మా ఇల్లూ మునిగిందని క్లయింట్లకి చెప్పొచ్చా?

నిర్వాహకుడు | 10 నవంబర్ 2024

క్లయింట్ వివరాలు మార్చి రాసినందుకు ధన్యవాదాలు. రాయబోయేవాళ్లూ అలాగే చెయ్యండి, ఊరూ వృత్తీ కూడా మార్చండి. రాత్రిపూట ఎవరికైనా మరీ కష్టంగా ఉంటే టెలీమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416, ఇరవైనాలుగు గంటలూ తెలుగులో మాట్లాడతారు, ఉచితం. "ఏడు రోజుల్లో ఎనర్జీ హీలింగ్, ముందుగా రిజిస్టర్ చేసుకున్నవారికి రాయితీ" అన్న పోస్టు తీసేశాను. మళ్లీ పెడితే మనిషినే తీసేస్తాను.

వాల్తేరుమాస్టారు | 10 నవంబర్ 2024

అమ్మా, నేను సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌గా చేసి రిటైరయ్యాను. విశాఖ. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుపాను. మా ఇంటి రేకులు పక్క వీధిలో దొరికాయి, అవి మావో కావో కూడా తెలీదు. అయినా వారం తిరక్కుండా భీమిలి వైపు మత్స్యకారుల ఊళ్లకి వెళ్లిపోయాను. కొన్ని రోజులు గడిచాయి. ఒకాయన పడవ ముక్కలైన సంగతి చెప్తున్నాడు, నేను రాసుకుంటున్నాను. సాయంత్రం మా పైఅధికారి ఆ నోటు పుస్తకం అడిగి తీసుకున్నారు. ఆ పేజీలో ఆ మనిషి పేరు ఉంది, కింద "పది అడుగుల రేకులు 14, జె హుక్కులు 60, మేస్త్రీ కూలి" అని ఉంది. నా చేతిరాతే. రాసినట్టు నాకు గుర్తే లేదు.

ఆయన ఒక్క మాట అనలేదు. నా కేసుల్ని ఇద్దరికి పంచి ఐదు రోజులు ఇంటికి పొమ్మన్నారు. ఆ ఐదు రోజులూ ధ్యానం చెయ్యలేదు, యోగా చెయ్యలేదు. రేకులు వేయించుకున్నాను. ఆరో రోజు వెళ్లేసరికి మనుషులు చెప్పేది చెవిలో పడుతోంది.

కాబట్టి నీ మొదటి ప్రశ్నకి నా జవాబు: ముందు ఇంటి వాసన సంగతి చూడు. సున్నం కొట్టించు, తడిసిన పరుపు ఇంకా ఉంచుకుని ఉంటే పారెయ్. మొత్తం ఆపెయ్యక్కర్లేదు. వరద కేసులు రోజుకి రెండు దాటనివ్వకు, ఒకదాని వెనక ఒకటి అసలు పెట్టకు. మధ్యలో చదువు మీద ధ్యాస కుదరని పిల్లాడో, అత్తాకోడళ్ల గొడవో ఉండనీ. నీ ఇంటికి సంబంధం లేని కష్టం వింటే నీకూ ఊపిరాడుతుంది.

మున్నేరుఒడ్డు | 10 నవంబర్ 2024

అక్కా, మాది ఖమ్మం. అదే సెప్టెంబర్ 1, మాకు మున్నేరు. నేను సఖి కేంద్రంలో కౌన్సెలర్‌ని. దెబ్బలు తిని వచ్చే ఆడవాళ్లు మా దగ్గరికి రోజూ వస్తరు, వరదకి ముందూ వచ్చిన్రు, తర్వాత ఇంకా ఎక్కువ వచ్చిన్రు. ఇల్లు పోయిన మగాడి కోపం ఎటు పోతది, పెళ్లాం మీదికే కదా.

మా అమ్మమ్మ చావింటికి పోయి వస్తే గడప బయటనే కాళ్లు కడుక్కుని గాని లోపలికి వచ్చేది కాదు. మైల అని. నాకు మైల మీద నమ్మకం లేదు గాని ఆ పని మాత్రం పట్టుకున్న. రోజూ ఆఫీసు నుంచి వచ్చి వాకిట్ల బకెట్ దగ్గర కాళ్లు కడుక్కుంట, ఆ రోజు విన్న మనుషుల్ని ఒక్కొక్కరినే తలచుకుంట, అయిపోయినంక చెంబు బోర్లిస్త. నీకు నీళ్లు పడట్లేదన్నవు కదా, నువ్వు చెప్పులు దులుపుకున్నా సరే. పని అక్కడ ఆగింది అని ఒంటికి తెల్వాలె.

నిజంచెప్తా | 11 నవంబర్ 2024

ఒక మాట అంటే ఏమీ అనుకోకండి. ఆ వరదలో బురద ఎత్తింది పక్క ఊళ్ల నుంచి వచ్చిన పారిశుధ్య కార్మికులు. చీపుర్లతో, పారలతో. వాళ్లకి సెల్ఫ్ కేర్ ఎవరు చెప్పారు? ఏసీ గదిలో గంటకి వెయ్యి, పదిహేనొందలు తీసుకునేవాళ్లు బర్నౌట్, అంటే పనితో లోపల కాలిపోయాం, అంటే నాకు నవ్వొస్తోంది. అందరికీ కష్టాలున్నాయి. పని పనే.

మున్నేరుఒడ్డు | 11 నవంబర్ 2024

నవ్వుకో అన్నా, తప్పులేదు. నా జీతం ఎంతో తెలిస్తే ఇంకా నవ్వొస్తది. కార్మికుల మాట నిజమే, వాళ్లనూ ఎవరన్న అడగాలె. కానీ బురద ఎత్తేటాయనకు ఆ సాయంత్రం తను ఎత్తిన బురద కండ్ల ముందు కనిపిస్తది, వీధి తెల్లగైతది. మాకు కనిపించేది ఏముంటది చెప్పు? పొద్దున వచ్చిన మనిషి సాయంత్రం అదే మొగుని దగ్గరికి పోతది.

నిజంచెప్తా | 11 నవంబర్ 2024

సరే, ఆ చివరి మాట ఒప్పుకుంటాను.

ఎడిసన్‌లోగుంటూరు | 11 నవంబర్ 2024

న్యూజెర్సీలో క్లినికల్ సోషల్ వర్కర్‌ని. పిచ్చుకమ్మా, నీ పోస్టులో మూడు వేరువేరు సంగతులున్నాయి, వాటిని ఒకే మూటలో కడితే మందు కుదరదు.

రాలేనంటే పండగ, లేని అక్క గురించి అడగడం: ఇది బర్నౌట్. 1974లో ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త న్యూయార్క్‌లో ఉచిత క్లినిక్‌లో పనిచేసేవాళ్లని చూసి, తనని కూడా చూసుకుని, ఆ మాట వాడాడు. తర్వాత మాస్లాక్ అనే మనస్తత్వవేత్త దాన్ని మూడుగా విడదీసింది. అలిసిపోవడం, ఎదుటివాడు మనిషిగా కాక ఫైలుగా కనబడటం, నేను చేసేదానివల్ల ఒరిగేదేమీ లేదనిపించడం. దీనికి మూలం ఎక్కువగా పని పరిమాణంలో, పనిచేసే చోటులో ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తన జబ్బుల జాబితా ఐసీడీ 11లో దాన్ని జబ్బుల్లో చేర్చలేదు, ఉద్యోగానికి సంబంధించిన స్థితి అంది. కాబట్టి అది నీ మనసులోని లోపం కాదు. మాస్టారు చెప్పినట్టు లెక్క తగ్గించాల్సిందే.

రెండోది, విని విని మనకి అంటుకునేది. ఎదుటివాళ్ల పీడకల మనకి రావడం. మెకాన్, పర్ల్‌మన్ 1990లో దీన్ని వైకేరియస్ ట్రామా అన్నారు. ఇది మున్నేరు ఒడ్డు అమ్మాయికి ఎక్కువ ఉండొచ్చు.

మూడోది అసలుది, షేర్డ్ ట్రామా. నువ్వు ఆ మాట వినడంతో ఆగలేదు, నీ ఇంట్లోకీ అదే నీరు వచ్చింది. 2001 సెప్టెంబర్ 11 తర్వాత న్యూయార్క్ యూనివర్సిటీ ప్రొఫెసర్ కెరోల్ టొసోన్ దీని గురించి చాలా రాసింది. మన చదువంతా ఒక ఊహ మీద నడుస్తుంది: క్లయింటు ఏట్లో ఉంటాడు, మనం ఒడ్డున ఉంటాం, చెయ్యి అందిస్తాం. ఒడ్డే లేనప్పుడు ఏం చెయ్యాలో మన సిలబస్‌లో లేదు.

నా సంగతీ చెప్తాను. మా అమ్మ 2021 మేలో గుంటూరులో కోవిడ్‌తో పోయింది. వెళ్లలేకపోయాను. దహనం వాట్సాప్ వీడియోలో చూశాను, మధ్యలో సిగ్నల్ పోయి బొమ్మ ఆగిపోయింది. మా అన్నయ్య చెయ్యి పైకెత్తి ఉంది, అలాగే చాలాసేపు. పది రోజుల తర్వాత ఒక తెలుగబ్బాయి సెషన్‌కి వచ్చి అచ్చం అదే కథ చెప్పాడు. నేను గొప్పగా విన్నాను అనుకున్నాను. నెల తర్వాత, తోటి థెరపిస్టులం కేసులు మాట్లాడుకునే మా కన్సల్టేషన్ గ్రూపులో ఒకామె అడిగింది: "అందరి గురించీ చెప్తున్నావు, ఆ అబ్బాయి మాటే ఎత్తవేం?" అప్పుడు తెలిసింది, ప్రతివారం వాడిని దాటేస్తున్నానని.

అందుకే ఆ మెట్టు ప్రశ్న తప్పని నేననను. అడిగాక దాన్ని నోట్సులో రాసుకున్నావా? ఎవరికైనా చెప్పావా? మాకు చెప్పావు. మంచిపని అక్కడే మొదలైంది.

సైబరాబాద్‌సెషన్ | 11 నవంబర్ 2024

హైదరాబాద్ నుంచి. ఒక కౌన్సెలింగ్ యాప్‌లో పనిచేస్తున్నా, పేరు చెప్పను. రోజుకి ఎనిమిది సెషన్లు, రెండింటి మధ్య పది నిమిషాలు, ఆ పదిలోనే నోట్స్. బాత్రూముకి పోవాలంటే క్లయింటు రెండు నిమిషాలు లేటుగా రావాలని దేవుడికి మొక్కుకోవాలి. పోయిన నెల మా కంపెనీ "థెరపిస్టుల వెల్‌నెస్" అని వెబినార్ పెట్టింది. ఎప్పుడంటారా? భోజనం టైములో. కెమెరా ఆన్‌లో ఉండాలట. "మీ కప్పు ముందు మీరు నింపుకోండి" అని ఒకాయన గంటసేపు చెప్పాడు. మా టీంలో ఒకమ్మాయి ఆ గంటా పెరుగన్నం డబ్బా ఒళ్లో పెట్టుకుని తలొంచుకుని తిన్నది.

ఇంకో చిక్కు ఎవరూ చెప్పట్లేదు. మనకి మనం థెరపీకి ఎక్కడికి పోవాలి? రెండు రాష్ట్రాల్లో కలిపి మన ఫీల్డు ఎంత చిన్నదో తెలుసు కదా. ఎవర్ని చూసినా బ్యాచ్‌మేటో, బ్యాచ్‌మేట్ వాళ్ల గైడో. ఒక రాత్రి 14416 డయల్ చేసి, అవతల తెలిసిన గొంతు పలికితే ఎట్లా అని రింగ్ అవుతుండగానే కట్ చేసిన.

ఎడిసన్‌లోగుంటూరు | 11 నవంబర్ 2024

దానికి నేను చూసిన దారి, వేరే రాష్ట్రంలో ఉన్న మనిషిని ఆన్‌లైన్లో పట్టుకోవడం. తెలుగు రాకపోయినా ఫర్వాలేదు, కొన్ని సంగతులు పరాయి భాషలో చెప్పడమే సులువు. ఏడుపు మాత్రం తెలుగులోనే వస్తుంది, అది వేరే సంగతి.

పేరువద్దు | 12 నవంబర్ 2024, తెల్లవారుజామున 2:15

నేను థెరపిస్టుని కాను. క్లయింటుని. ఇక్కడ రాయొచ్చో లేదో తెలీదు, తీసేస్తే తీసేయండి.

రెండో ప్రశ్నకి నా అనుభవం చెప్తాను. మా మేడమ్ వరద తర్వాత మొదటి సెషన్‌లోనే "మా ఇల్లు కూడా మునిగింది, మీ బాధ నాకు తెలుసు" అన్నారు. ఆ క్షణం హాయిగా అనిపించింది. నేను ఒక్కదాన్నే కాదు అనిపించింది. కానీ ఆ తర్వాత నుంచి వెళ్లగానే "తిన్నారా మేడమ్? నిద్ర పడుతోందా?" అని నేనే అడగడం మొదలుపెట్టాను. ఆవిడ కళ్ల కింద నలుపు చూసి, చెప్పాలనుకున్నది మింగేసి, "ఈ వారం బాగానే ఉన్నాను" అని వచ్చేసేదాన్ని. మూడు వారాలు డబ్బులిచ్చి ఆవిడకి ధైర్యం చెప్పి వచ్చాను. తర్వాత మానేశాను. ఆవిడకి కారణం చెప్పలేదు, పాపం అనిపించింది.

చెప్పొద్దని కాదు. చెప్పాక మేము మిమ్మల్ని మోయక్కర్లేదని కూడా చెప్పండి.

వాల్తేరుమాస్టారు | 12 నవంబర్ 2024

నిర్వాహకుడు గారూ, ఈ పోస్టు తీసేస్తే ఊరుకోను. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఏ ట్రైనింగులోనూ నాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

అమ్మాయ్, పేరు వద్దన్నావు గనక పేరు లేకుండానే నమస్కారం.

ఎడిసన్‌లోగుంటూరు | 12 నవంబర్ 2024

నేను వాడే పద్ధతి: వాళ్లు అడిగితేనే, ఒక్క వాక్యం. "అవునండీ, మా ఇంట్లోకీ వచ్చాయి. నా సంగతి చూసుకోవడానికి నాకు మనుషులున్నారు, ఈ గంట మీది." కానీ ఆ రెండో వాక్యం నిజమై ఉండాలి. మనుషులు లేకుండా ఉన్నారని చెప్తే క్లయింటు ఇట్టే పసిగడతాడు.

గట్టుమీదపిచ్చుక | 14 నవంబర్ 2024

మూడు రోజులుగా ఇవన్నీ మళ్లీ మళ్లీ చదువుతున్నాను. పేరువద్దు గారూ, మీ మేడమ్ నేనేనేమో అని ఒక రాత్రంతా నిద్ర పట్టలేదు. కాదని తేల్చుకున్నాను, నేను ఎవరికీ చెప్పలేదు కాబట్టి. కానీ చెప్పకపోవడమూ ఒక అబద్ధంలాగే ఉంది. వాళ్లందరికీ నేను సింగ్‌నగరని తెలుసు కదా, అడగడానికి మొహమాటపడుతున్నారేమో.

ప్రోకాల్ అని ముప్ఫై ప్రశ్నల కాగితం ఉంటుంది కదా, పీజీలో వేరేవాళ్ల చేత నింపించిందే, నిన్న నేను నింపాను. బర్నౌట్ మధ్యస్తం. ట్రామా తాలూకు స్కోరు చాలా ఎక్కువ. నన్ను ఆశ్చర్యపరిచింది మూడోది, పనిలో దొరికే తృప్తి, అది తగ్గలేదు. నేను ఈ పనికి పనికిరానని తేల్చేసుకుని ఉన్నాను, రాజీనామా లెటరు ఫోన్లో టైప్ చేసి ఉంది. ఆ కాగితం చూశాక లెటరు డిలీట్ చెయ్యలేదు గానీ పంపలేదు.

పరుపు పారేశాం మాస్టారూ. రెండు నెలలు ఎండబెట్టి ఎండబెట్టి దాని మీదే పడుకున్నాం. మా ఆయన ఎత్తి బయట పెడుతుంటే దాని కింద నుంచి ఒక ఎండిన చేపపిల్ల పడింది. పాప అది తీసుకెళ్లి మొక్క మొదట్లో పెట్టింది.

మున్నేరుఒడ్డు | 14 నవంబర్ 2024

అక్కా, వరద మీద పనిచేసిన వాళ్లం నలుగురం ఫోన్ల కలుద్దామా వారానికి ఒక్కసారి? సలహాలు ఇచ్చుకునుడు వద్దు. కేసు పేర్లు వద్దు. ఈ వారం ఎవరి మాట దగ్గర మనకి గుండె పట్టేసిందో ఆ ఒక్కటి చెప్పుకోవాలె, అంతే.

సైబరాబాద్‌సెషన్ | 14 నవంబర్ 2024

నా ఇంట్లోకి నీళ్లు రాలేదు, అయినా నేనూ వస్తా. కెమెరా ఆఫ్ అంటేనే.

గట్టుమీదపిచ్చుక | 6 జులై 2025

ఎనిమిది నెలల తర్వాత ఈ చర్చని పైకి తెస్తున్నా. బతికే ఉన్నాను, పనిలోనే ఉన్నాను.

బెంజ్ సర్కిల్ గదిని ఒక స్పీచ్ థెరపిస్టుతో పంచుకున్నాను. ఆవిడకి పొద్దున, నాకు సాయంత్రం, అద్దె సగం. దాంతో సెషన్లు రోజుకి నాలుగుకి తగ్గాయి, ఆదాయమూ తగ్గింది, అది దాచడం దేనికి. కొందరిని వేరేవాళ్ల దగ్గరికి పంపాను. వాళ్లలో ఒకాయన "మీరు కూడా వదిలేస్తున్నారా" అన్నాడు, ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. పై అంతస్తు పదివేలాయన్ని మాత్రం పంపలేదు. ఆయన గురించి బుధవారం గ్రూపులో మూడుసార్లు తిట్టుకున్నాక నాలుగోసారికి ఆయన భార్య పోయిన సంగతి నాకు గుర్తొచ్చింది. మొదటి సెషన్‌లోనే చెప్పాడు. నా నోట్సులో ఉంది. పదివేల గోలలో నేను ఆ మాటే వినలేదు.

మొన్న సాయంత్రం వాన పట్టుకుంది. బీరువా చీరల ఆవిడ సెషన్‌లో ఉంది. కిటికీ వైపు చూసి, "మేడమ్, మీకు భయం వెయ్యట్లేదా?" అని అడిగింది. పది నెలల్లో మొదటిసారి. ఎడిసన్ అక్క వాక్యం నోటిదాకా వచ్చింది గానీ బయటికి వచ్చింది ఇదీ: "వేస్తోందండీ. రాత్రే ఫ్రిజ్ కింద రెండు ఇటుకలు పెట్టాం. దాని గురించి మాట్లాడుకోవడానికి నాకు మనుషులున్నారు. మీ సంగతి చెప్పండి."

"రెండేనా? మేము నాలుగు పెట్టాం" అంది.

ఈసారి నవ్వు మొహం మీదికి తెచ్చుకోలేదు, దానంతట అదే వచ్చింది. ఆవిడకీ వచ్చింది. తర్వాత మిగిలిన నలభై నిమిషాలూ ఆవిడ మాట్లాడింది, నేను విన్నాను. మెట్లు లెక్కపెట్టలేదు.

వాల్తేరుమాస్టారు | 6 జులై 2025

ఏడో మెట్టు దాకా వచ్చిన ఇంటికి రెండిటుకలేమిటమ్మా. ఫ్రిజ్‌ని పైవాటాలో పెట్టించు.

పేరువద్దు | 7 జులై 2025

ఇంకో మేడమ్ దగ్గర చేరాను. చెప్దామని.

మున్నేరుఒడ్డు | 7 జులై 2025

అక్కా, ఈ బుధవారం తొమ్మిదింటికా, తొమ్మిదిన్నరకా? మా సఖిల కొత్తగా చేరిన పిల్ల ఒకామె వస్త అంటున్నది.

గట్టుమీదపిచ్చుక | 7 జులై 2025

తొమ్మిదిన్నరకి. అత్తగారికి మందులు వేశాక. తీసుకురా.